మీకు తెలుసా? బదనిక చెట్టును తినదు!

మామిడి కొమ్మను, అప్పుడప్పుడు బండరాయిని కరుచుకుని పెరిగే అడవి ఆర్కిడ్ మన బదనిక. పరాన్నజీవి అయిన జిట్టనూ ఈ పేరుతోనే పిలుస్తారు, గొడవంతా అక్కడే! సంస్కృతంలోనూ అంతే. అమరకోశం ‘వందా’కు ‘వృక్షాదని’, అంటే చెట్టును తినేది, పర్యాయపదంగా చెప్పింది. శాస్త్రవేత్తలు ఆ ‘వందా’నే తీసుకుని ఈ ఆర్కిడ్‌కు ‘వాండా టెసెలాటా’ అని పేరుపెట్టారు.

నిజానికి ఇది చెట్టు రసం చుక్కైనా తాగదు. వేళ్లకు స్పాంజిలాంటి తెల్లటి పొర ఉంటుంది. వాననీళ్లనూ మంచునూ పీల్చుకునేది అదే. గళ్లగళ్ల రేకులు, మధ్యలో ఊదారంగు పెదవి, సువాసన.

సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో దీని బొమ్మ అచ్చువేయించాడు.