అయిదు కాగితాల్లో అమ్మ

"ఇంటి నుంచి ఒక ఫొటో తెచ్చుకోండి. బాగా ఇష్టమైన వాళ్లదైతే మంచిది, విసుగొచ్చినా మధ్యలో వదిలెయ్యరు" అన్నారు మా డ్రాయింగ్ టీచర్.

వేసవి సెలవుల్లో మా అమ్మాయిని బొమ్మల క్లాసులో చేర్పించి, గంటన్నరసేపు బయట కూర్చోవడమెందుకని నేనూ చేరాను. పిల్లలు సినిమా హీరోల ఫొటోలు తెస్తే నేను అమ్మది తీసుకెళ్లాను. అమ్మ పోయేనాటికి నాకు ఏడేళ్లు. మా ఇంట్లో ఉన్నది ఆవిడది ఒక్కటే ఫొటో, మేనమామ పెళ్లిలో తీసిన గ్రూప్ ఫొటో. రెండో వరసలో చింతగింజంత ముఖం, ఎండకి చికిలించిన కళ్లు.

ఆ ఒక్క ఫొటో మీద ఎక్కడ కత్తెర పడుతుందోనని నా భయం. కానీ అసలుదాన్ని ముట్టుకోనక్కర్లేదట. స్కాన్ చేయించి, ముఖం వరకూ ఏ4 కాగితమంత పెద్దది చేసి, నలుపు తెలుపుల్లో ప్రింట్ తీయించాను. అంతా చుక్కలు చుక్కలుగా వచ్చింది. "ఇదే నయం. వెంట్రుకతో సహా కనపడితే ఏం కొయ్యాలో తేలదు" అన్నారు టీచర్.

కళ్లు సగం మూసి ఆ ప్రింట్ చూడమన్నారు. చిత్రం! ముక్కూ మూతీ మాయమై వెలుగు నీడల మచ్చలు మిగిలాయి. ట్రేసింగ్ పేపర్ పరిచి ఆ మచ్చల అంచులు గీసి, బాగా వెలుగున్న చోట 1, బాగా చీకటిగా ఉన్నచోట 5 అని అంకెలు వేసుకున్నాను. ఫొటోని ఇలా నాలుగైదు ఛాయలుగా విడగొట్టే సదుపాయం ఫోన్లోనూ ఉంది, మా అమ్మాయి అదే వాడింది. నేను చేత్తోనే గీశాను. మీగడ, గోధుమ, తేనె, ఇటుక, కాఫీపొడి రంగు కాగితాలు కొన్నాను.

మొదటిసారి తప్పు చేశాను. ఏ మచ్చకా మచ్చ కోసి పక్కపక్కన పేర్చబోతే బుగ్గల మీద సందులు పడ్డాయి. అప్లిక్ కుడతాం చూడండి, అలా ఉండాలిట. పై కాగితం అడుగున కింది కాగితం కూడా ఉండాలి. అంటే మీగడ రంగు ముఖమంతా, గోధుమ రంగు 2 నుంచి 5 దాకా ఉన్న చోటంతా, తేనె రంగు 3 నుంచి... చివరికి కాఫీపొడి రంగులో జుట్టు, కనుబొమలు, రెప్పల గీత, ముక్కుపుటాలు, గడ్డం కింద నీడ.

కట్టర్‌కి కొత్త బ్లేడు ఉండాలి. వంపులు వచ్చినప్పుడు చేతిని కాదు, కాగితాన్ని తిప్పాలి. లోపలి చిన్న కంతలు ముందు, బయటి అంచు చివర. గమ్ ఎక్కువైతే కాగితం ఉబ్బుతుంది కాబట్టి గ్లూ స్టిక్ మేలు. అంటించేముందు అన్నీ ఒట్టిగా పేర్చి చూసుకోవాలి.

టీచర్ ఓ కబురు చెప్పారు. ఇంగ్లండులో మేరీ డెలానీ అనే ఆవిడ 1772లో, 72 ఏళ్ల వయసులో, రంగు కాగితాలు కత్తిరించి పూల బొమ్మలు చేయడం మొదలుపెట్టిందట. చూపు మందగించేదాకా పదేళ్లలో 900కి పైగా చేసింది. అవి లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. నలభై నాలుగేళ్లకి నాకేం రోగమనుకున్నాను!

అమ్మ కళ్లు కాస్త పెద్దవి చేద్దామా అనిపించింది. "ఫొటోలో ఉన్నదే కొయ్యండి, మీ మనసులో ఉన్నది కాదు" అన్నారు టీచర్. కళ్ల విషయంలో విన్నాను. ఎడమ కనుబొమ మధ్య సన్నటి తెల్లగీత ఉంటే మాత్రం, పాత ఫొటో కదా, మడత పడిందనుకుని పూడ్చేశాను. బొమ్మ పూర్తయింది. ఫ్రేము కట్టించడమే తరువాయి.

ఆ వారమే తెనాలి నుంచి మా పిన్ని వచ్చింది. చాలాసేపు చూసింది. "అక్కే! అచ్చం అక్కే. కనుబొమ ఎవరిదే?" అంది.

చిన్నప్పుడు అమ్మ బావిగట్టు మీద పడిందట. దెబ్బ తగిలిన చోట మళ్లీ వెంట్రుకలు మొలవలేదు. "పెళ్లిచూపులకి మా అమ్మ అక్కడ కాటుకతో దిద్ది కూర్చోబెట్టింది. పెళ్లివారు లోపలికి రాకముందే అక్క తుడిచేసుకుంది. నువ్వు మళ్లీ దిద్దావు!" అని నవ్వింది పిన్ని. ఏడేళ్లు ఆ ఒళ్లో పెరిగాను, నాకు గుర్తే లేదు.

రాత్రి వంటిల్లు సర్దేసి బ్లేడు మొనతో ఆ కనుబొమ లేపాను. అదృష్టం, అది విడి ముక్కే. మిగిలిన కాఫీపొడి కాగితంలో కొత్తది కోశాను, మధ్యలో బియ్యపు గింజంత సందు వదిలి. గీత ఎటు వాలుతుందని అడిగితే, పిన్ని తన కనుబొమ మీదే వేలు పెట్టి చూపించింది. అంటించాక ఆ సందులోంచి కింది ఇటుక రంగు కనపడింది.

"ఇప్పుడు ఫ్రేము కట్టించుకో" అంది పిన్ని.