సిద్ధి, వరము, కృపావరము: గృహస్థ కథోలికుల విశ్వాసవితరణమును గూర్చిన పదార్థవిచారము

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు పట్టణము పసుపుపంటకు పేరెన్నికగన్నది. ఆ పట్టణమును ఆనుకొనియున్న గుట్టను జనులు సిద్ధులగుట్ట యందురు. నవనాథసిద్ధులచట తపమాచరించిరనియు, ఆరును మూరును కలసి తొమ్మిది యగుటచే ఊరికి ఆర్మూరను పేరు కలిగెననియు జనశ్రుతి కలదు. మూరనగా కన్నడమున మూడు. ఇది లోకనిరుక్తమేగాని శాస్త్రసిద్ధమైన వ్యుత్పత్తి కాదు. అయినను సిద్ధుల పేరు నేటికిని తలచు ఊరు మా విచారమునకు తగిన ప్రారంభస్థానము. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖయందు, పండ్రెండవ అధ్యాయమున, ఆత్మ యొసగు వరములను తొమ్మిదింటిని పేర్కొనెను. ఈ సంఖ్యాసామ్యము కేవలము యాదృచ్ఛికము. కాని సిద్ధునియందున్న శక్తికిని, పౌలు చెప్పిన వరమునకును గల భేదము యాదృచ్ఛికము కాదు. ఆ భేదమును తెలుగు పదముల మూలమున నిరూపించుటయే ఈ వ్యాసముయొక్క ప్రయోజనము.

ఇందు కేవల పదచర్చ మాత్రమే కాక వేరొక యావశ్యకతయు గలదు. సేద్యము చేసికొను కథోలికుని గాని, బడిలో పాఠము చెప్పు కథోలికురాలిని గాని, ‘మీకు దేవుడిచ్చిన వరమేది?’ యని యడిగినచో, ‘మాకు వరములెక్కడివి? అవి గురువులకును, స్వస్థతలు చేయువారికిని గదా’ యను ప్రత్యుత్తరము వచ్చుట కలదు. ఈ ప్రత్యుత్తరమునకు వినయము కొంత కారణము, ‘వరము’ అను పదముయొక్క పూర్వసంస్కారము కొంత కారణమని మా యభిప్రాయము. తనయొద్ద నున్నదానిని లేదనుకొనువాడు దానిని ఇతరులకు పంచిపెట్టజాలడు. కావున పదార్థనిర్ణయ మిచట అవసరమగుచున్నది.

1. పదత్రయ వివేకము

సిద్ధిశబ్దము ‘సిధ్’ ధాతువునుండి పుట్టినది. కార్యము నెరవేరుట దాని మూలార్థము. అణిమాదులైన అష్టసిద్ధులు సాధనవలన లభించును. సాధకుని శ్రమకు ఫలము గనుక సిద్ధి సాధకునిదే యగును.

వరశబ్దము ‘వృ’ ధాతువునుండి వచ్చినది. వరించుట, కోరుకొనుట దాని యర్థము. పురాణకథలయందు తపస్సు ముందు, దైవసాక్షాత్కారము పిమ్మట, ‘కోరుకొను’మను మాట ఆ తరువాత వచ్చును. ఇచ్చువాడు దేవుడే యైనను ఎన్నుకొనువాడు తాపసి. హిరణ్యకశిపుడు, రావణుడు, భస్మాసురుడు తమ బలముకొరకు వరములు కోరిరి. అవి లోకమునకు భీతిని, తుదకు వారికే నాశమును తెచ్చినవి. భగీరథుడు పితరుల సద్గతికై గంగను కోరెను గాన ఆయన వరము లోకోపకారకమైనది. అయినను అచ్చటను కోరినవాడు భగీరథుడే.

పౌలు వాడిన గ్రీకుపదము ‘ఖరిస్మా’. ఇది కృప, అనుగ్రహము అను నర్థముగల ‘ఖరిస్’ శబ్దమునుండి ఏర్పడినది. దీనికి సాధన కారణము కాదు, కోరికయు కారణము కాదు. ఆత్మ తన చిత్తము చొప్పున ఎవరికి ఏది తగునో దానిని పంచియిచ్చుననియు, అది అందరి మేలుకొరకే యనియు పౌలు ఆ యధ్యాయముననే వివరించెను. అనగా సిద్ధియందు శ్రమయు, వరమునందు కోరికయు ప్రధానములు కాగా, ఇచట దాత ప్రధానుడు. మరియు తొలి రెండింటికి ఫలభోక్త పొందినవాడే కాగా, దీనికి ఫలభోక్త పొరుగువాడు.

ఈ భేదమును గుర్తించియే తెలుగు క్రైస్తవానువాదకులు ‘కృపావరము’ అను సమాసమును కల్పించిరని తోచుచున్నది. కృపచేత నొసగబడిన వరమని దీనిని తృతీయాతత్పురుషముగ గ్రహింపవచ్చును. పూర్వపదము ఉత్తరపదమునందలి కోరికయర్థమును అణచివేయుచున్నది. కథోలికుల వాడుకలో దీనికి సోదరమైన మరియొక పదము గలదు. మంగళవార్తజపమును చెప్పు ప్రతి తెలుగు కథోలికుని నోటను నిత్యము నానునట్టి ‘వరప్రసాదము’ అది. ప్రసాదమనగా ప్రసన్నత, దాని ఫలముగ లభించిన వస్తువు. దేవాలయమున ప్రసాదము పుచ్చుకొన్నవాడు దానిని తానొక్కడే భుజింపడు. ఇంటికి కొనిపోయి పంచిపెట్టును, దారిలో నెదురైనవానికిని ఇంత పెట్టును. అది తన సంపాదనమని గర్వింపడు. కావున పౌలు భావమునకు వరశబ్దముకంటె ప్రసాదశబ్దము సన్నిహితమని మేము తలంచుచున్నాము. పంచుటకే పుచ్చుకొన్నదను భావము అందు సహజముగ నిమిడియున్నది.

2. వరముల విభాగము

వరముల విషయమున రెండు పట్టికలను కలిపివేయుట తరచుగ జరుగు పొరపాటు. యెషయా గ్రంథము పదునొకండవ అధ్యాయము ననుసరించి చెప్పబడు జ్ఞానము, వివేకము, సదుపదేశము, ధైర్యము, తెలివి, భక్తి, దైవభీతి యను నేడును మనుష్యుని అంతరంగమును దిద్దునవి. జ్ఞానస్నానమునను, భద్రమైన అభ్యంగనమునను ఇవి విశ్వాసులందరికి సమానముగ లభించునని శ్రీసభ బోధించుచున్నది. కృపావరములన్ననో, ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరున లభించును. అవి ఇతరుల మేలుకొరకైనవి. పదమూడవ శతాబ్దమున తోమాసు అక్వినాసు మనుష్యుని దేవునికి ప్రియునిగా చేయు కృప వేరు, ఇతరులను దేవునియొద్దకు నడపుటకై యుచితముగ నొసగబడు కృప వేరు అని ఈ భేదమునే నిర్ణయించెను. కావున వరము గలవాడు తప్పక పుణ్యాత్ముడని గాని, పుణ్యాత్ముడైన ప్రతివానికి స్వస్థతావరముండవలెనని గాని అనుకొనరాదు.

కొరింథీయుల లేఖలోని పట్టికయందు స్వస్థత, అద్భుతకార్యము, ప్రవచనము, భాషలు మొదలైనవి కానవచ్చును. రోమీయుల లేఖ పండ్రెండవ అధ్యాయములోని పట్టిక వేరు. ప్రవచనముతోపాటు సేవ, బోధ, హెచ్చరిక, దానము, నాయకత్వము, కనికరము అందు గలవు. వీనిలో మొదటిది దక్క తక్కినవన్నియు ప్రతి వీధియందును కనబడునవే. 1967లో అమెరికాలోని పిట్సుబర్గు నగరమున విద్యార్థుల ధ్యానకూటమునుండి బయలుదేరిన కథోలిక కరిస్మాటిక్ ఉద్యమము వరములను గూర్చిన ఆసక్తిని లోకమంతట మేల్కొలిపినది. ఆ మేలు గణనీయమైనది. కాని దానితోపాటు మొదటి పట్టికకే ప్రాముఖ్యము కలిగి రెండవ పట్టిక మరుగుపడుటయు సంభవించినది.

3. మహాసభ నిర్ణయము

వరములు ఆదిమశ్రీసభతోనే ముగిసినవా, నేటికిని ఉన్నవా యను ప్రశ్న రెండవ వాటికను మహాసభలో చర్చకు వచ్చినది. కార్డినల్ రుఫీని అవి తొలికాలమునకు సంబంధించినవని వాదించెను. 1963 అక్టోబరులో కార్డినల్ సూనెన్స్ దీనికి ప్రత్యుత్తరమిచ్చుచు, వరములు శ్రీసభకు అలంకారములు కావనియు, పండితుడు మొదలు పామరునివరకు ప్రతి క్రైస్తవుని జీవితమునను అవి యున్నవనియు ప్రతిపాదించెను. మహాసభ ఈ రెండవ పక్షమునే స్వీకరించినది. 1964 నవంబరు 21న వెలువడిన శ్రీసభాశాసనముయొక్క పండ్రెండవ విభాగమున వరములు అన్ని అంతస్తుల విశ్వాసులకు లభించుననియు, అసాధారణవరములను తొందరపడి వెదకరాదనియు, వాని యథార్థతను నిర్ణయించు నధికారము శ్రీసభాపాలకులదనియు కలదు. 1965 నవంబరు 18న వెలువడిన గృహస్థుల ప్రేషితకార్యమును గూర్చిన శాసనము ఒక్కయడుగు ముందుకు వేసి, వరము పొందిన ప్రతివానికి దానిని వినియోగించు హక్కును, బాధ్యతయు గలవని నిర్ణయించినది.

‘గృహస్థ’ అను తెలుగు పదమును గూర్చియు ఒకమాట చెప్పవలసియున్నది. పాశ్చాత్యభాషలయందు ఈ వర్గమునకు వాడు పదము ‘ప్రజ’ అను నర్థముగల గ్రీకుమూలమునుండి పుట్టినది. కాని వ్యవహారమున అది ‘గురువు కానివాడు’ అను నిషేధార్థమునకు దిగజారినది. తెలుగున గృహస్థుడనగా ఇల్లు నిలుపువాడు, అతిథికి అన్నము పెట్టువాడు, తక్కిన యాశ్రమములకు ఆధారమైనవాడు. మహాసభ తెలుపగోరిన గౌరవము తెలుగు పదమునందు ముందే యున్నది. అవివాహితులకు అది సరిగ నన్వయింపదనుట మాత్రము ఒప్పుకొనవలసిన లోపము.

4. తెలుగునాట పూర్వదృష్టాంతములు

ఈ సిద్ధాంతము శాసనరూపమున వెలువడుటకు పూర్వమే తెలుగునాట ఆచరణమున నుండెను. 18వ శతాబ్దారంభమున పుదుచ్చేరినుండి వచ్చిన ఫ్రెంచి యేసుసభ గురువులు పుంగనూరు మొదలైన తావుల మిషను నెలకొల్పిరి. గురువులు కొలదిమంది, గ్రామములు దూరదూరములు. 1773లో పోపు యేసుసభను రద్దు చేయగా ఆ కొలదిమందియు కొరవడిరి. ఆ కాలమున గృహస్థకుటుంబములును, ఉపదేశులును విశ్వాసమును నిలిపిరి. ఉపదేశి సామాన్యముగ సంసారి. పిల్లలకు జపములు నేర్పుట, రోగులను దర్శించుట, మరణాసన్నులైన శిశువులకు జ్ఞానస్నానమిచ్చుట, గురువు వచ్చునాటికి జనులను సిద్ధపరచుట అతని పనులు. ‘దిశ్’ ధాతువునకు చూపుట యర్థము గనుక ఉపదేశియనగా దగ్గరనుండి దారిచూపువాడు. 2021 మే 10న పోపు ఫ్రాన్సిస్ ఉపదేశిపదవిని శ్రీసభలో స్థిరమైన గృహస్థపరిచర్యగా నెలకొల్పుట ఈ పాతసేవకు ఆలస్యముగ లభించిన గుర్తింపనవచ్చును.

సాహిత్యవిద్యార్థులు గమనింపదగిన విషయము మరియొకటి గలదు. మంగళగిరి ఆనందకవి వేదాంతరసాయనము క్రీస్తు చరితమును ప్రబంధఫణితిని తెలిపిన 18వ శతాబ్దపు కావ్యము. పింగళి ఎల్లనార్యుని తోభ్యాచరిత్రము బైబులులోని తోబీతు కథకు తెలుగురూపము. మొదటిదానికి నిడిమామిళ్లవారును, రెండవదానికి తుమ్మవారును కృతిభర్తలు. వీరు గురువులు గారు, గృహస్థులు. కవికి వాక్కు వరమైనట్లే, కృతిపతికి దానము వరమైనది. రోమీయుల లేఖలో దానము వరములపట్టికయందే చేరియుండుట ఇచట స్మరణీయము.

స్త్రీల పక్షమున కతారి జ్ఞానమ్మ చరిత్ర ప్రధానము. 1822లో ఫిరంగిపురమున జన్మించి, ఇన్నయ్యను వివాహమాడి, చెన్నపట్టణమునకు చేరువనున్న తెలుగు కథోలికుల గ్రామమైన కీళచ్చేరికి ఆమె కాపురమునకు వచ్చెను. ఆడపిల్లలకు చదువు దుర్లభమైన ఆ దినములలో, 1863లో, ఆమె బాలికలకు పాఠశాల నారంభించెను. ఆ ప్రయత్నమునుండియే పునీత అన్నమ్మగారి పేర వెలసిన కన్యాసభలు పుట్టినవి. 1874లో ఆమె పరమపదించెను. 2014లో ఆమె పునీతపదవికై విచారణ ప్రారంభమైనది. ఆమె చేసినది అద్భుతకార్యము కాదు, బోధ. రెండవ పట్టికలోని వరము ఒక సంసారిణియందు ఎట్లు ఫలించునో ఇచట స్పష్టమగుచున్నది.

5. ప్రచారము, సాక్ష్యము

వరమును పంచుట యెట్లు? ఇచటను రెండు పదములను వేరుపరుపవలెను. ప్రచారమనగా వ్యాపింపజేయుట. అందు చెప్పువాని యుత్సాహము ప్రధానము. సాక్షిశబ్దమునకు పాణిని ప్రత్యక్షముగ చూచినవాడను నర్థమును విధించెను. సాక్షి తాను చూచినదానినే చెప్పును, అడిగినప్పుడు చెప్పును, తీర్పును తాను చెప్పడు. పేతురు మొదటి లేఖ మూడవ అధ్యాయమున, నిరీక్షణకు హేతువడిగినవారికి సాత్వికముతో, గౌరవముతో సమాధానము చెప్పవలెనని కలదు. ఇది సాక్షిధర్మమే. 1975లో పోపు ఆరవ పౌలు తన ప్రబోధలేఖయందు నేటి మనుష్యుడు బోధకులకంటె సాక్షులను ఎక్కువగ ఆలకించునని గుర్తించెను.

మనదేశమున ఈ వివేకము మరింత యావశ్యకము. రాజ్యాంగముయొక్క 25వ అధికరణము మతమును అవలంబించుటకు, ఆచరించుటకు, ప్రచారము చేయుటకు స్వేచ్ఛ నొసగినది. 1977లో స్టానిస్లాస్ వ్యాజ్యమున సర్వోన్నతన్యాయస్థానము ఇతరుని మతము మార్చు హక్కు అందులో చేరదని తీర్పు చెప్పినది. అంతకు పూర్వమే 1965 డిసెంబరు 7న మహాసభ మతస్వాతంత్ర్యప్రకటనమున బలవంతమును, ప్రలోభమును నిషేధించినది. కావున ఆశచూపి పంచినది కృపావరము కానేరదు. కృప ఉచితమైనప్పుడు దాని వితరణమునకు మూల్యము కట్టుట స్వవచోవ్యాఘాతము.

సాక్ష్యమునకు వెల చెల్లించువారును గలరు. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు షెడ్యూల్డు కులముల హోదాను క్రైస్తవులకు వర్తింపజేయదు. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది విస్తరింపబడినది. తెలుగు రాష్ట్రములలో దళితక్రైస్తవులు వెనుకబడిన తరగతులలోని ‘సి’ వర్గమున ఒక్క శాతము రిజర్వేషనుతో తృప్తిపడవలసియున్నది. దళితగృహస్థుడు తన విశ్వాసమును బాహాటముగ చెప్పుకొనుటయందు గల త్యాగమును ఇతరులు తేలికగ నెంచరాదు. అట్టివాని ధైర్యమును వరమని గుర్తింపక, వేదికపై పలికెడువాని వాగ్ధాటినే వరమనుట అన్యాయము.

6. ఉపసంహారము

పౌలు వరములను శరీరావయవములతో పోల్చెను. ఆర్మూరు ప్రాంతపు చదువరికి పసుపు వ్యవహారమే చాలును. విత్తనపు దుంప నాటినది మొదలు ఎనిమిది తొమ్మిది మాసములు పంట నేలలో నుండును. త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపట్టి, కొమ్మును మండను వేరుచేసి మార్కెట్టుకు తెత్తురు. అచట బస్తా దించు హమాలీ యున్నాడు, తూకము వేయు దడువాయి యున్నాడు, అడ్తిదారును ఖరీదుదారును ఉన్నారు. వీరిలో నెవరు లేకున్నను రైతు సరుకు కదలదు. అందరును దడువాయిలైనచో బస్తా మోయువాడుండడు. హమాలీ తాను ఖరీదుదారుడను గానని తన పనిని మానుకొనడు. తూకము సరిగా వేయు కథోలికుడు ఆ తూకముతోనే తొలిసాక్ష్యము చెప్పుచున్నాడు. అతని నెవరైన కారణ మడిగినప్పుడు చెప్పు మాట రెండవ సాక్ష్యము. మొదటిది లేనిచో రెండవదానిని ఎవరును నమ్మరు.

తన వరమేదో గుర్తించుటకు మూడు గురుతులు చాలునని మేము తలంచుచున్నాము. ఆ పని చేయునప్పుడు తనకు కలుగు ప్రసన్నత యొకటి, దానివలన ఇతరులకు కలుగు మేలు రెండవది, సంఘము దానిని గుర్తించి మరల కోరుట మూడవది. మూడును కలసినచోట వరమున్నదని చెప్పవచ్చును. ఒక్క మొదటిదానినే నమ్ముకొన్నవాడు మోసపోవచ్చును.

రైతు పంటనంతయు అమ్ముకొనడు. వచ్చు ఏటికి విత్తనపు పసుపును వేరుగ దాచును. ఉపదేశులు, కృతిపతులు, జ్ఞానమ్మవంటి తల్లులు తెలుగు కథోలికసంఘమునకు దాచియిచ్చినది అట్టి విత్తనము. ‘మాకు వరములెక్కడివి’ యను గృహస్థునకు మా ప్రత్యుత్తరమిది: వరమను మాటకు కోరికయర్థమును విడిచి ప్రసాదార్థమును గ్రహించినచో, అతని చేతిలో నేమున్నదో అతనికే తెలియును. తెలిసినవెనుక దానిని పంచకుండ నుండుట ప్రసాదమును దాచుకొనుటయే యగును.