విత్తు దాస్తే చాలదు, చల్లాలి

సంస్కృతీ వారసత్వాన్ని పరిరక్షించుకోవాలనే మాట మన సభల్లో తరచుగా వినబడుతుంది. ఉగాదికో, సంక్రాంతికో వేదిక మీద పెద్దలెవరో ఆ మాట అంటారు, మనం చప్పట్లు కొడతాం, పులిహోర తిని ఇళ్ళకు వెళతాం. పరిరక్షణ అంటే ఏం చేయాలి, ఎవరు చేయాలి, దానికయ్యే ఖర్చు ఎక్కణ్ణుంచి రావాలి అన్న లెక్క మాత్రం వేసుకోం. ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకు ఉద్యోగంలో లెక్కలతోనే కాలం గడిపినవాణ్ణి కాబట్టి, ఆ లెక్క వేసి చూడాలనిపించింది. దీనికి ఉదాహరణలు దూరాన వెతకనక్కరలేదు. మనం ఉంటున్న కోరాపుట్, రాయగడ జిల్లాల్లోనే ఉన్నాయి.

వరిగింజ నేర్పే పాఠం

జయపురం పరిసరాలు దేశవాళీ వరి రకాలకు పెట్టింది పేరు. కటకంలోని కేంద్ర వరి పరిశోధన సంస్థ వారు 1955 నుంచి 1959 వరకు ఈ ప్రాంతమంతా తిరిగి సుమారు 1,745 రకాల వరిని సేకరించారు. మెరకకు ఒక రకం, నీరు నిలిచే పల్లానికి ఒక రకం, త్వరగా కోతకు వచ్చేది ఒకటి, పండుగ వంటకు ఒకటి. వీటిని ఏరి, వేరు చేసి, తరతరాలుగా నిలబెట్టినవారు ఇక్కడి గిరిజన రైతులు. తరువాతి దశాబ్దాల్లో అధిక దిగుబడి వంగడాలు వచ్చాక ఆ పాత రకాల్లో చాలా భాగం పొలాల్లోంచి తప్పుకున్నాయి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇంట్లో కుండలో దాచిన వడ్లు బంగారం వంటివి కావు. ఒకటి రెండేళ్ళు గడిచేసరికి వాటిలో మొలకెత్తే శక్తి తగ్గిపోతుంది. రకం నిలవాలంటే మళ్ళీ మళ్ళీ చల్లి, కోసి, కొత్త గింజ తీసుకోవలసిందే. శీతల గిడ్డంగుల్లో శాస్త్రజ్ఞులు విత్తనాన్ని చాలా కాలం కాపాడగలరు, ఆ పనీ అవసరమే. కాని ఏ గింజ ఏ మడికి సరిపోతుంది, ఏ కార్తెలో చల్లాలి, ఏ పండుగకు వండాలి అన్న తెలివి గిడ్డంగిలో పెట్టేది కాదు, అది రైతు ఇంట్లోనే ఉంటుంది.

జయపురంలో స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్ వారి సహాయంతో పల్లెల్లో విత్తన బ్యాంకులు నడిచాయి. ఆ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. రైతు విత్తనం అప్పుగా తీసుకుంటాడు, పంట వచ్చాక కొంత అదనం కలిపి తిరిగి జమ చేస్తాడు. మా బ్యాంకుల్లోనూ ఇంతే కదా! ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసిన సొమ్ము ఒక్క పైసా సంపాదించదు. నలుగురి చేతుల్లో తిరిగినప్పుడే పెరుగుతుంది. విత్తనం విషయంలో మరో అడుగు ముందుకు వేసి చెప్పాలి. అప్పు ఇవ్వని విత్తనం పెరగకపోవడమే కాదు, చచ్చిపోతుంది.

జయపురం దగ్గరి పత్రాపుట్ గ్రామానికి చెందిన కమలా పూజారి ఈ పనికే జీవితం అంకితం చేసింది. బడి చదువు లేని ఆ పరజ తల్లి ఊరూరా తిరిగి పాత వడ్లు సేకరించింది, తోటి ఆడవాళ్ళను కూడగట్టింది. ఆమెకు 2019లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూలైలో ఆమె కన్నుమూసింది. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా 2012లో గుర్తించింది. కోరాపుట్ కాలాజీరా బియ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. పేరు వచ్చిందంటే ఆనందమే. అయితే ఆ గుర్తింపు పత్రం పొలం దున్నదు. వచ్చే ఏడు కూడా ఎవరో ఒకరు ఆ గింజ చల్లాలి.

ఒక తెలుగువాడు చేసిన మేలు

విత్తనానికి వర్తించేదే భాషకూ వర్తిస్తుంది. వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగా గిడుగు రామమూర్తి పంతులు గారిని మనందరం ఎరుగుదుం. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉండగా ఆయన సవరల భాష నేర్చుకున్నారు. వారి పిల్లల కోసం పుస్తకాలు రాశారు, బడులు పెట్టించారు. 1931లో సవర భాషా వ్యాకరణ గ్రంథం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువరించారు. కొండల్లో తిరుగుతున్న రోజుల్లో మలేరియా పట్టుకుంటే, మోతాదు మించి వాడిన క్వినైను వల్ల ఆయన వినికిడి పోయింది. ఇతరుల భాష వినడానికి వెళ్ళి చెవులు పోగొట్టుకున్న మనిషి ఆయన.

ఆయన కృషి చేసిన సవరలు నేటి రాయగడ జిల్లా గునుపూరు వైపు కూడా ఉన్నారు. వారిలోనే పుట్టిన మంగేయి గొమాంగో 1936లో తమ భాషకు సొంత లిపి కల్పించాడు. కంప్యూటర్లలో వాడే యూనికోడ్ పట్టికలో ఆ లిపి 2012లో చేరింది. ఇరుగుపొరుగువారు తమ లిపి కోసం ఇంత పాటుపడుతుంటే, వెయ్యేళ్ళ సాహిత్యం ఉన్న మన లిపిని మన పిల్లలు చదవలేకపోవడం ఆలోచించవలసిన సంగతి.

రాయగడ జిల్లాలోనే నియమగిరి కొండలున్నాయి. అక్కడ బాక్సైటు తవ్వకం వివాదంలో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న తీర్పు ఇస్తూ, కొండ తమ దైవమా కాదా అన్న విషయం గ్రామసభలే తేల్చాలని చెప్పింది. రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలు కూర్చున్నాయి, పన్నెండూ తవ్వకం వద్దన్నాయి. తమకు ఏది విలువైనదో ఆ డొంగ్రియా కోంధులు తామే చెప్పారు. మన విషయం కూడా మనమే చెప్పుకోవాలి.

ఏటేటా లక్ష రూపాయలు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో భాగం. అందుకే మనలో కొందరి పూర్వీకులు ఎక్కడికీ వలస రాలేదు, సరిహద్దు గీతే వారి మీదుగా కదిలింది. ఆ కాలంలో జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఒరియా, తెలుగు, సంస్కృతాల్లో పండితుడు. 1926లో వెలసిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆయన ఏటా లక్ష రూపాయలు విరాళంగా ఇచ్చారు. అక్కడి సైన్సు కళాశాలకు జయపురం విక్రమదేవ కళాశాల అని పేరు పెట్టారు.

వాణిజ్యశాస్త్రం చదివినవాడిగా నన్ను ఆకట్టుకున్నది ఆ లక్ష కంటే 'ఏటా' అన్న మాట. ఒక్కసారి పెద్ద మొత్తం ఇచ్చి ఫొటో తీయించుకోవడం తేలిక. జీతాలు, పుస్తకాలు, మరమ్మతులు ప్రతి ఏడూ ఉంటాయి. వారసత్వం ఖర్చు కూడా అలాంటిదే. మన సంఘాల్లో వార్షికోత్సవానికి చందా సులువుగా వస్తుంది, వారం వారం నడవవలసిన తెలుగు తరగతికి రాదు.

తాతగారి పద్దు పుస్తకం

రాయగడలో పనిచేస్తున్నప్పటి సంగతి ఒకటి చెబుతాను. ఒక కుర్రవాడు తండ్రి పోయిన తరువాత లాకరు తెరిచి, నగలతో పాటు ఒక పాత పద్దు పుస్తకం బయటికి తీశాడు. నా దగ్గరికి తెచ్చి, "సార్, మా తాతగారి రాత. నేను తెలుగు మాట్లాడతాను గానీ చదవడం రాదు. ఇందులో అప్పులేమైనా ఉన్నాయా, చూసి చెబుతారా?" అన్నాడు.

చాలా పేజీలు చింతపండు, బెల్లం, కూలీ లెక్కలే. ఒకచోట మాత్రం వృష నామ సంవత్సరం అని రాసి ఉంది. అంటే 1941-42. ఇంటిల్లిపాదీ జ్వరాలతో పడి ఉన్నప్పుడు కొండ మీది ఒక కోంధు రైతు ఎనిమిది కుంచాల ధాన్యం దింపి వెళ్ళాడట. తిరిగి ఇవ్వబోతే పుచ్చుకోలేదట. ఆ రైతు పేరు, ఊరి పేరు రాసి, కింద 'మనవాళ్ళు మరచిపోరాదు' అని గీత గీసి ఉంది. కుర్రవాడు ఆ మాటలు నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు. ఆ ఊరు వాళ్ళ దుకాణానికి ఎంతో దూరం లేదు.

ఆ పుస్తకం చెదలు పట్టకుండా, తడవకుండా భద్రంగానే ఉంది. అయినా ఆ ఇంట్లో ఆ మాట అప్పటికే పోయినట్టే కదా!

మనం చేయగల పనులు

ఖాతాలో రెండేళ్ళకు పైగా ఖాతాదారు ఏ లావాదేవీ జరపకపోతే అది నిష్క్రియ ఖాతా అవుతుంది. పదేళ్ళు దాటితే ఆ సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి వెళుతుంది. వారసులు వచ్చి అడిగితే మళ్ళీ ఇస్తారు. వాడకం ఆగిపోయిన భాషను దాచి తిరిగి ఇచ్చే నిధి ఎక్కడా లేదు. అందుచేత నాకు తోచిన నాలుగు మాటలు మీ ముందుంచుతున్నాను.

మొదటిది, ఆదివారం ఒక గంట. పిల్లలకు అక్షరాలు వచ్చాక పాఠ్యపుస్తకంతో ఆపకుండా తాతయ్య ఉత్తరం, అమ్మమ్మ వంట చీటీ, పెళ్ళి శుభలేఖ చదివించండి. తమ ఇంటి సంగతి అంటే పిల్లలు ఆసక్తిగా చదువుతారు.

రెండవది, పాత కాగితాలు. అందులో ఉన్నది ఎవరి రాత, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది ఇంట్లో పెద్దలుండగానే అడిగి రాసుకోవాలి. ఫోనుతో ఫొటో తీసి ఊరుకుంటే, లాకరు బదులు ఫోనులో దాచినట్టే అవుతుంది.

మూడవది, పుస్తకాలు. సంఘం బీరువాకు తాళం తీసి, విత్తన బ్యాంకు పద్ధతిలో అరువివ్వాలి. ఒక పుస్తకం తీసుకున్నవారు తిరిగి ఇచ్చేటప్పుడు దాని గురించి పది నిమిషాలు చెప్పాలి. అదే వడ్డీ.

నాలుగవది, నిధి. సంఘం పేర కొంత మొత్తం డిపాజిట్ చేసి, అసలు ముట్టకుండా వడ్డీతో తరగతి నడపాలి. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతోంది. 30వ అధికరణం సొంత విద్యాసంస్థలు పెట్టుకునే హక్కు ఇస్తోంది. తెలుగు ఉపాధ్యాయుడు కావాలని అర్జీ పెట్టేటప్పుడు చదివే పిల్లల జాబితా కూడా జత చేయగలగాలి. ఆ జాబితా మన ఇళ్ళలోంచే రావాలి.

ఇదంతా ఒరియాకు పోటీ అని ఎవరూ అనుకోవద్దు. విక్రమదేవ వర్మ గారికి రెండు భాషలూ సొంతమే. మన పిల్లలు ఒరియా చక్కగా చదవాలి, వీలైతే కువి, సవర మాటలు కూడా నాలుగు నేర్వాలి. మన తాతలకు ధాన్యం దింపినవాళ్ళు ఆ భాషల్లోనే మాట్లాడారు మరి.

వచ్చే సంచికలోగా మీ ఇంట్లో ఉన్న పాత తెలుగు కాగితం ఒకటి వెతికి, పిల్లల చేత పైకి చదివించండి. తడబడితే పక్కన కూర్చుని అందించండి.