తవ్వి చూడనివ్వండి

గింజ పాతిన మర్నాడే పిల్లలు దాన్ని పెళ్లగించి చూస్తారు. పెద్దవాళ్లం ఊరుకుంటామా, "ఒరేయ్, కెలక్కురా, మొలక చచ్చిపోద్ది" అని గయ్యిమంటాం. నేనైతే నాలుగు గింజలు ఎక్కువ వేసి, తవ్వి చూసుకోమంటాను. లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవాలన్న ఆ ఆత్రమే చదువుకి మొదలు. తిట్టి ఆపేస్తే మనకి మిగిలేది ఒక మినపగింజ.

మా ఊరు కోడూరు. కోడూరంటే రైల్వే కోడూరు అనుకునేరు. మాది దివిసీమ, హంసలదీవికి పోయే దారి. అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా పెరట్లో మనవలు, ఇరుగుపొరుగు పిల్లలు మట్టి పిసుకుతుంటారు. మా నేల నల్లరేగడి: తడిస్తే చేతిని వదలదు, ఎండితే నెర్రెలిస్తుంది. చిట్టి చేతులకి లొంగదని ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి ఒక మూల మడి చేసిచ్చాను. అందులో నేను చెయ్యి పెట్టను.

మొదట వేసేది మినుములే. మా వైపు వరి కోయకముందే చేలో చల్లే పంట, ఏ ఇంటి డబ్బాలో చూసినా ఉంటాయి. ఓసారి నాలుగేళ్ల మనవరాలు వంటింట్లోంచి పొట్టు మినపప్పు తెచ్చి, మినుముల పక్కనే ఇంకో వరసగా పాతింది. నాలుగు రోజులకి మినుములు తలెత్తాయి. పప్పు కుళ్లి వాసనొచ్చింది. "నాయనమ్మా, ఇవెందుకు లేవలేదు?" నానిన మినుము ఒకటి గోటితో విప్పి చూపించాను. రెండు బద్దల మధ్య, ఒక కొసన, తెల్లగా సూదిమొనంత మొలక. మిల్లులో పప్పు విరిచేటప్పుడు ఊడిపోయేది అదే. ఇక ఆవిడగారు పెసలు, బొబ్బర్లు, కందిపప్పు, పెసరపప్పు అన్నీ పట్టుకొచ్చి మొలిచేవీ మొలవనివీ వేరుచేస్తూ కూర్చుంది. వర్గీకరణ అని పెద్ద క్లాసుల్లో చెప్పే పాఠం, నేను నోరు విప్పకుండానే అయిపోయింది.

మాకు సముద్రం దగ్గర, చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పన. ఒక చిక్కుడు మొక్కకి కాలవ నీళ్లు, ఇంకోదానికి బోరు నీళ్లు పోయించాను. కొన్నాళ్లకి రెండో కుండీలో ఆకుల అంచులు మాడాయి, మట్టి మీద తెల్లగా పొర కట్టింది. అదేంటో తేల్చుకుందామని పక్కింటి బుడ్డోడు వేలితో అద్ది నాలిక మీద పెట్టుకోబోతుంటే చెయ్యి పట్టుకున్నాను.

తోటకూర విత్తనం ఆవగింజ కన్నా చిన్నది. ఇసుకలో కలిపి, బొటనవేలు చూపుడువేలు కలిపి చిటికెడు తీసి చల్లాలి. రేపు బలపం పట్టేది ఆ వేళ్లే. చెంబుతో నీళ్లు ఒలక్కుండా తేవడం, బీరతీగ ఎంత పాకిందో జానలతో కొలవడం, మొగ్గకీ పిందెకీ తేడా పట్టడం, అన్నీ పలక ముట్టకుండానే వస్తాయి. ఇదేం నా సొంత తెలివి కాదు. జర్మనీలో ఫ్రోబెల్ తన బడికి 1840లో కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. అక్కడ తలా ఒక చిన్న మడి ఇచ్చేవాడు. మన అంగన్‌వాడీలు 1975 అక్టోబరు 2న మొదలయ్యాయి. పెరటితోట పెట్టిన కేంద్రాలూ ఉన్నాయి. కానీ నేను చూసినంతలో మడి పెద్దవాళ్లు చేస్తారు, పిల్లలు గట్టు మీద నిలబడి చూస్తారు. అది నాకు నచ్చదు. వరసలు వంకరపోతే కూర ఉడకదా?

జాగ్రత్తల దగ్గర మాత్రం నాకు చాదస్తం ఎక్కువ. చెప్పుల్లేకుండా మడిలోకి రానివ్వను. కొంకిపురుగు అరికాలి చర్మంలోంచే లోపలికి పోతుంది. గోళ్లు తీసి, సబ్బుతో చేతులు కడిగాకే తిండి. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 అంటూ ఇచ్చే నులిపురుగుల మాత్ర మానిపించొద్దు. దిగేముందు కర్రతో పొదలు తట్టండి, పాములు తిరిగే ఊళ్లు మనవి. పంటకాలవ గట్టుకి పిల్లల్ని ఒంటరిగా పంపొద్దు. పచ్చగన్నేరు పెరట్లో ఉంటే కొట్టేయండి, దాని గింజ విషం. కొట్లో కొన్న విత్తనాలకి గులాబీ, నీలం రంగుల్లో మందు పూసి ఉండొచ్చు, మిఠాయిల్లా కనిపిస్తాయి. పిల్లల చేతికి వంటింటి గింజలే ఇవ్వండి.