రాకపోకల లెక్క

హైదరాబాదు హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ భవనము 1998లో వెలసినది. అచ్చటి ఉద్యోగులకు రాకపోకల కాలము నిత్యము వేయవలసిన లెక్క. ఇల్లు 10 కిలోమీటర్ల దూరమున నున్న దనుకొందము. ఉదయము గంటకు ‘య’ కిలోమీటర్ల వేగముతో పోయి, సాయంకాలము ‘ర’ వేగముతో మరలినచో, పట్టు కాలము 10/య + 10/ర గంటలు.

లవములను, హారములను వేర్వేరుగా కూడి 20/(య + ర) అని వ్రాయు బాలురు పెక్కురు. య 20, ర 10 అయినచో ఇది 40 నిమిషములు చూపును. తిరుగు ప్రయాణమునకే గంట పట్టును గదా! ముందు హారములు సమానము కావలయును. మొదటి భిన్నమును ‘ర’తోను, రెండవదానిని ‘య’తోను పైనను క్రిందను గుణించి కూడినచో 10(య + ర)/(య × ర), అనగా గంటన్నర వచ్చును.

రానుపోను 20 కిలోమీటర్లను దీనిచే భాగించి, 10ని కొట్టివేసిన, సగటు వేగము 2(య × ర)/(య + ర). ఇందు దూరము లేనే లేదు! ఇల్లు మియాపూరులో నున్నను, ఉప్పలులో నున్నను, ఆ వేగములకు సగటు 13⅓ కిలోమీటర్లే, 15 కాదు.