మీకు తెలుసా? మంచు పైనుంచి పడదు

బరంపురంలో జనవరి తెల్లవారుజామున ఆరుబయట నిలిపిన బండి సీటు తడిసి ఉంటుంది. వసారాలో పెట్టిన బండి మాత్రం పొడిగానే ఉంటుంది. అలాగని రాత్రి చినుకులు పడ్డాయనుకోకండి.

వాన మబ్బులో తయారవుతుంది. గాలిలోని ధూళి, ఉప్పు రేణువుల చుట్టూ ఆవిరి చేరి, బొట్టూ బొట్టూ కలిసి, బరువెక్కి కిందికి దిగుతుంది. మంచుబిందువు గడ్డిపోచ మీదే పుడుతుంది. మబ్బూ గాలీ లేని రాత్రి గడ్డి, రేకు, సీటు తమ వేడిని ఆకాశంలోకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడతాయి. వాటిని తాకిన గాలిలోని తేమ అక్కడే నీరవుతుంది. బరంపురానికి గోపాల్‌పూర్ సముద్రతీరం పక్కనే ఉంది కాబట్టి తేమకు కొదవ లేదు. వసారా కప్పో చెట్టుకొమ్మో ఆకాశానికి అడ్డొస్తే మాత్రం అంతగా చల్లబడవు, తడీ పట్టదు. లండన్‌లో వైద్యుడు విలియం చార్లెస్ వెల్స్ ఉన్నిపీచులను రాత్రంతా బయట ఉంచి, తూచి చూసి, 1814లో దీని మీద పుస్తకమే రాశాడు. ఓపికంటే అదీ!

ఒక రాత్రి మంచు మహా అయితే 0.8 మిల్లీమీటర్లు, అదీ అరుదుగా. వాతావరణ శాఖ లెక్కలో వాన రోజు అనిపించుకోవాలంటే కనీసం 2.5 మిల్లీమీటర్లు పడాలి. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుఫాను వానల సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు.

అన్నట్టు, పొద్దున్నే వరినారు ఆకుల కొసన నిలిచే చుక్కల్లో చాలావరకు వానా కాదు, మంచూ కాదు. వేళ్లు పీల్చిన నీటిని మొక్కే బయటికి తోస్తుంది.