ఏసీ చల్లబరచకుంటే గ్యాసే కారణమా?

వేసవిలో కారు ఏసీ మొరాయిస్తే సాధారణంగా వినవచ్చే మాట 'గ్యాస్ అయిపోయింది' అని. అయితే ఈ గ్యాస్ పెట్రోలు వలె ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాలలోనే అది తిరుగుతూ ఉంటుంది. ఒక్క సీజనులోనే తగ్గిపోయిందంటే ఎక్కడో లీకు ఉన్నట్లే.

గాలి వేగం తగ్గితే ముందుగా క్యాబిన్ ఫిల్టర్‌లో పేరుకున్న దుమ్మును చూడాలి. గాలి అసలే రాకుంటే బ్లోయర్ ఫ్యూజును పరీక్షించాలి. గాలి వస్తున్నా చల్లదనం లేకుంటే కంప్రెసర్ క్లచ్ పట్టుకుంటున్నదీ లేనిదీ గమనించాలి. పట్టుకోకుంటే లోపం ఫ్యూజులోనో, రిలేలోనో ఉండవచ్చు. గ్యాస్ బాగా తగ్గినా రక్షణ స్విచ్ కంప్రెసర్‌ను ఆపివేస్తుంది. కారు పరుగులో చల్లగా ఉండి, సిగ్నల్ వద్ద ఆగగానే వేడిగాలి వస్తే కండెన్సర్ ఫ్యాన్‌ను అనుమానించాలి.

లీకును సరిచేయకుండా గ్యాస్ నింపించడం చిల్లికుండలో నీళ్లు పోయడమే. నష్టం యజమాని జేబుకే పరిమితం కాదు. ఓజోన్ పొరకు చేటుచేసే ఆర్-12 గ్యాస్ స్థానంలో వచ్చిన ఆర్-134ఏ ఓజోన్‌కు హాని చేయదు. కానీ భూతాపాన్ని పెంచడంలో అది బొగ్గుపులుసు వాయువును వెయ్యి రెట్లకు పైగా మించుతుంది. ఇటువంటి వాయువుల వాడకాన్ని 2047 నాటికి 85 శాతం తగ్గించేందుకు కిగాలీ సవరణ కింద భారత్ కట్టుబడింది. ఈ సవరణను మన దేశం 2021లో ఆమోదించింది.

గొట్టాలలో పీడనం అధికం కనుక వాటిని స్వయంగా విప్పరాదు. గ్యాస్ నింపించే ముందు 'లీకు ఎక్కడ?' అని మెకానిక్‌ను అడగడం మాత్రం ప్రతి యజమానికీ సాధ్యమే.